ఆగిన కారుతో మొదలైన పుస్తకం

ఈ పుస్తకం రాసిన అబ్బాయి పాలిటెక్నిక్‌లో నా దగ్గర ఆటోమొబైల్ చదువుకున్నాడు. శిష్యుడన్న అభిమానం పక్కన పెట్టే చెబుతున్నాను. రేసు కారు గురించి రాసేవాళ్లు మామూలుగా వేగంతో మొదలుపెట్టి డ్రైవరు గుండె ధైర్యంతో ముగిస్తారు. ఇతను ఆగిపోయిన కారుతో మొదలుపెట్టాడు. అక్కడే నాకు నచ్చాడు.

ఆ కారు టయోటా టీఎస్050 హైబ్రిడ్. 2016 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ ఇరవైనాలుగు గంటల రేసు. 5వ నంబరు కారు అందరికంటే ముందుంది. నడుపుతున్నది కజుకి నకాజిమా. ఇంకా మూడు నిమిషాల పైచిలుకే మిగిలుందనగా బండి బలం పోయి, కార్లు మధ్యలో సర్వీసుకు ఆగే పిట్‌ల ఎదురుగానే ఆగింది. గెలుపు వెనకాల వస్తున్న పోర్షేకి దక్కింది. టయోటా ఎలాగో ఈడ్చుకుంటూ ఆఖరి చుట్టు పూర్తి చేసినా, ఆ చుట్టుకు నిబంధన ఇచ్చిన ఆరు నిమిషాలు దాటిపోవడంతో ఫలితాల పట్టికలోకే ఎక్కలేదు. తప్పు బ్యాటరీది కాదు, మోటార్లదీ కాదు. టర్బోచార్జర్ నుంచి ఇంటర్‌కూలర్‌కు గాలి వెళ్లే గొట్టం దగ్గర ఒక కనెక్టర్ విరిగింది, అంతే. ఏ బస్సు డిపోలో మెకానిక్‌ని అడిగినా, గొట్టాలూ జాయింట్లూ ముందు చూడమంటాడు.

హైబ్రిడ్ సంగతిని రచయిత ఓపిగ్గా విప్పాడు. 2.4 లీటర్ల వీ6 ఇంజన్, దానికి రెండు టర్బోలు. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి మోటారు. బ్రేకు తొక్కినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిని ఆ మోటార్లే జనరేటర్లుగా మారి బ్యాటరీకి పంపుతాయి. పదమూడున్నర కిలోమీటర్లు దాటే ఒక్కో చుట్టుకు అప్పట్లో ఆ కారును వాడుకోనిచ్చింది 8 మెగాజౌళ్లు. మెగాజౌల్ అనగానే పేజీ తిప్పేసే పాఠకుడి కోసం దాన్ని కరెంటు బిల్లు లెక్కలోకి మార్చాడు: రెండు యూనిట్ల పైచిలుకు. నేనూ కాగితం మీద వేసి చూశాను, సరిపోయింది. విద్యుత్తు వాటా ఎక్కువ తీసుకున్న కారుకు అప్పటి నిబంధనల్లో పెట్రోలు వాటా తగ్గించేవారు. అంటే హైబ్రిడ్ ఇక్కడ అలంకారం కాదు, పెట్రోలు పొదుపు సాధిస్తేనే పందెంలో నిలబడేవారు.

2017 లె మాన్ గురించిన అధ్యాయం పుస్తకానికి ప్రాణం. క్వాలిఫైయింగ్‌లో 3 నిమిషాల 14.791 సెకన్లకు చుట్టు తిరిగిన టయోటా డ్రైవరు కముయి కొబయాషి, రాత్రి రేసులో ముందుండి పిట్‌లోకి వచ్చాడు. బయటికెళ్లే దారిలో ఎర్రదీపం ఉంది. నారింజరంగు దుస్తుల్లో ఉన్న మరో జట్టు డ్రైవరు ఉత్సాహంగా బొటనవేలు పైకెత్తి చూపాడు. అది అధికారి సైగ అనుకుని కొబయాషి కదిలాడు. ఆగమని జట్టు రేడియోలో కేకేసింది. అలా ఆగి, కదిలి, మళ్లీ ఆగి చేసేసరికి క్లచ్ కాలిపోయింది. ఎందుకు కాలింది? ఈ కారు నిలబడ్డ చోటు నుంచి కదిలేది మోటారు బలంతో, ఇంజన్ తర్వాత అందుకుంటుంది. నిలబడ్డ బండిని ఇంజన్‌తో లాగే పని ఆ క్లచ్‌కు అప్పజెప్పనే లేదు, ఆ రాత్రి మాత్రం అదే పదేపదే చేయాల్సి వచ్చింది. నేను తరగతిలో క్లచ్ పాఠం చెప్పిన రోజుల్లో ఇలాంటి ఉదాహరణ చేతిలో ఉంటే బాగుండేది!

2018లో టయోటా గెలిచింది. ఆఖరున కారు తెచ్చింది మళ్లీ నకాజిమానే. అయితే అప్పటికి ఆడి, పోర్షే రెండూ తప్పుకున్నాయి, ఫ్యాక్టరీ హైబ్రిడ్ పోటీ మిగల్లేదు. రచయిత ఆ మాట దాచకుండా రాశాడు. అభిమాని అయి ఉండీ అలా రాయడం తేలిక కాదు.

ఒక్క లోటు చెప్పాలి. 2012లో హైబ్రిడ్‌తో లె మాన్‌ను మొదటిసారి గెలిచిన ఆడి శక్తిని తిరిగే ఫ్లైవీల్‌లో దాచింది. టయోటా తన పాత కార్లలో సూపర్ కెపాసిటర్ వాడింది. ఆ రెంటినీ ఒక్క పేజీలో ముగించాడు. రెండో ముద్రణలో వాటికి విడిగా అధ్యాయం ఉండాలి, బొమ్మలతో సహా.

డిప్లొమా విద్యార్థులు వరుసగా చదవనక్కర్లేదు, ముందు క్లచ్ అధ్యాయం తెరవండి. పాలిటెక్నిక్ గ్రంథాలయాలు నాలుగైదు ప్రతులైనా తెప్పించుకోవాలని ప్రిన్సిపాళ్లకు నా మనవి.