గంగకు నయమైంది కదా!

రీమేక్ ఆడితే చాలు, అభిమానుల నోట వచ్చే మొదటి మాట "రెండో భాగం ఎప్పుడు?" అనే. 'చంద్రముఖి' వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న సద్దుమణగలేదు. 2023లో 'చంద్రముఖి 2' వచ్చి నిరాశపరిచింది. అయినా అడుగుతూనే ఉన్నారు. మా మేనల్లుడైతే తప్పెక్కడుందో కూడా తేల్చేశాడు. "జ్యోతిక లేకుండా తీశారు మామయ్యా, అందుకే పోయింది. ఈసారి ఆవిణ్ణి పెట్టి తీస్తే చూడు" అంటాడు. పెళ్లి భోజనాల బంతిలోనూ ఇదే మాట విన్నాను.

జ్యోతిక నటన మీద నాకున్న ఇష్టం తక్కువది కాదు. కానీ ఆవిడ ఉన్నా ఆ సినిమా నిలబడేది కాదనే అనుకుంటున్నాను. మొదటి సినిమా చివర్లో జ్యోతిక వేసిన గంగ పాత్రకు మనోవ్యాధి నయమైంది. చంద్రముఖి అనే మనిషి గంగ మనసులో తప్ప ఇంకెక్కడా లేదని అంత సేపు కష్టపడి మనల్ని ఒప్పించిన కథ అది. గంగ బాగుపడ్డాక ఇక చంద్రముఖి ఎక్కణ్ణుంచి వస్తుంది? సీక్వెల్ తలపెట్టిన ప్రతివారూ కథ రాయక ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. ఇన్నేళ్లలో దాన్ని తేల్చుకున్నవాళ్లు నాకు కనపడలేదు.

ఈ కథ పుట్టిల్లు మలయాళం. మధు ముట్టం రాయగా ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' 1993 డిసెంబరులో విడుదలైంది. ఫాజిల్ ఒక్కడే కాదు, ప్రియదర్శన్, సిబి మలయిల్, సిద్దిక్-లాల్ ద్వయం కూడా తలా కొంత చిత్రీకరించారు. గంగగా శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. భర్తతో కలిసి అత్తవారి పాత బంగళాలో దిగిన చదువుకున్న అమ్మాయి గంగ. పూర్వం ఓ రాజు బలవంతాన తెచ్చి ఉంచిన నాట్యకత్తె గది ఒకటి అక్కడ తాళం వేసి ఉంటే ఆసక్తి కొద్దీ తెరిపిస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఏవేవో జరుగుతుంటాయి. అనుమానం ఇంట్లోనే ఉన్న మరో అమ్మాయి మీదకు పోతుంది. ఇంట్లోవాళ్లే కాదు, సినిమా చూస్తున్న మనమూ ఆ అమ్మాయినే అనుమానిస్తాం. భర్త స్నేహితుడైన డాక్టరు చూపు మాత్రం ఎవరూ అనుమానించని మనిషి మీద పడుతుంది.

నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసిన ఘట్టం ఒకటుంది. గంగ బయటికి వెళ్లడానికి తయారవుతుంది. అది మామూలు ప్రయాణం. భర్త వద్దంటాడు. అప్పటికే అతనికి డాక్టరు నిజం చెప్పాడు, ఆమెను పరీక్షించడానికే వద్దంటున్నాడు. ముందు గంగ నెమ్మదిగా అడుగుతుంది. అతను మళ్లీ వద్దంటాడు. అప్పుడు శోభన ముఖంలో మార్పు ఒక్కసారిగా రాదు. ముందు కళ్లు నిలిచిపోతాయి, తర్వాత మెడ బిగుస్తుంది, ఆ తర్వాతే గొంతు మారుతుంది. ఒంటిచేత్తో మంచం ఎత్తేస్తుంది. అంతలోనే భర్త కేకకు ఉలిక్కిపడి ఏం జరిగిందో తెలియని గంగ అయిపోతుంది. ఆ గదిలో పొగ లేదు, గాలికి కొట్టుకునే కిటికీలు లేవు. పట్టపగలు భార్యాభర్తలిద్దరే ఉన్నారు. మనకు భయం వేసేది ఆమెను చూసి కాదు, ఆమెకేమవుతుందోనని. రీమేక్ చేసేవాళ్లు ప్రాణంలా కాపాడుకోవాల్సింది ఈ భయాన్నే.

పి. వాసు దాన్ని కాపాడాడు. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర' తీశాడు. విష్ణువర్ధన్ డాక్టరు, సౌందర్య గంగ. ఆ ఏడాది ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో సౌందర్య పోయింది. ఆగస్టులో సినిమా వచ్చింది. ఆమెను ఇంటి ఆడపడుచులా చూసుకున్న తెలుగువాళ్లం ఆ నాట్యాన్ని వేరే దిగులుతో చూశాం. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న తమిళంలో వాసువే తీసిన రజనీకాంత్ 'చంద్రముఖి' వచ్చింది. చెన్నైలో శాంతి థియేటర్‌లో రెండేళ్లకు పైగా ఆడింది.

అసలు సినిమాలో డాక్టరుగా వేసిన మోహన్‌లాల్ చాలాసేపటి దాకా రాడు. రజనీకాంత్‌ను అంతసేపు దాచిపెడితే థియేటర్ ఊరుకోదు. అందుకని మొదట్లోనే ఫైటు, పాట పెట్టారు. వడివేలు కామెడీ పెరిగింది. డాక్టరు రాజు వేషం కట్టి 'లకలకలక' అనడం రజనీ తెచ్చిన హంగు. ఇవన్నీ మార్చవలసినవే, మార్చారు. మార్చకూడనిది మాత్రం ముట్టుకోలేదు. గంగ రోగి, ఆమెను ప్రేమించే భర్త ఉన్నాడు, నయం చేయగల స్నేహితుడున్నాడు. రీమేక్ పని తెలిసినవాడు చేసే పని అది. తర్వాత 2007లో ప్రియదర్శన్ హిందీలో 'భూల్ భులయ్యా' తీసినప్పుడు కూడా ఆ మూడింటినీ అలాగే ఉంచాడు. అంతకు పద్నాలుగేళ్ల క్రితం 'మణిచిత్రతాళు'లో కొన్ని సన్నివేశాలు తీసిన చెయ్యి కదా, దేన్ని కదిలిస్తే ఇల్లు కూలుతుందో తెలుసు.

తెలుగు అభిమానుల విషయానికి వస్తే ఇంకో సంగతి ఉంది. అసలు కథలో నాట్యకత్తె తంజావూరు నుంచి వచ్చిన తమిళ మనిషి. మలయాళీ ఇంట్లో గంగ ఉన్నట్టుండి తమిళం మాట్లాడితే అందరి ఒళ్లూ జలదరిస్తుంది. హిందీకి వెళ్లేసరికి ఆమె బెంగాలీ అయింది. కన్నడ, తమిళ రీమేకుల్లో మాత్రం తెలుగు మనిషి అయింది. 'చంద్రముఖి'లో 'రారా' పాటను భువనచంద్ర తెలుగులోనే రాశారు. తమిళనాడు థియేటర్లలో జనం ఊగిపోయి విన్నది తెలుగు పాటను. ఆ పాట మన దగ్గరికి వచ్చేసరికి పరాయితనం పోయింది. తమిళ ప్రేక్షకుడికి వింతగా, భీతిగా తోచిన గొంతు మనకు అర్థమయ్యే గొంతు. ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో, ఎవరి మీద పగబట్టిందో మాట మాటా తెలుస్తోంది. అందువల్ల మనం చంద్రముఖికి భయపడటం కంటే ఆమె మీద జాలిపడటమే ఎక్కువ జరిగిందని నా నమ్మకం. రాజు బలవంతాన ఎత్తుకొచ్చిన పిల్ల, కళ్ల ముందే ప్రియుణ్ణి పోగొట్టుకున్న పిల్ల. ఆ జాలే మనచేత మళ్లీ మళ్లీ ఆమెను అడిగిస్తోంది. అభిమానుల కోరికలో దోషం లేదు, అది ప్రేమ. ఆ ప్రేమకు నిర్మాతలు ఇచ్చిన జవాబే నాకు బాధ.

ఆ జవాబేమిటంటే, చంద్రముఖిని నిజం దయ్యాన్ని చేసేయడం. 2010 ఫిబ్రవరిలో కన్నడంలో 'ఆప్తరక్షక', డిసెంబరులో వెంకటేష్, అనుష్కలతో తెలుగు 'నాగవల్లి' వచ్చాయి. రెండూ పి. వాసువే. నాట్యకత్తె పటం ఒకటి కొత్త కుటుంబం ఇంటికి వస్తుంది, కష్టాలు మొదలవుతాయి. వందేళ్లు దాటిన రాజు ఇంకా బతికే ఉంటాడు. ఇక 'చంద్రముఖి 2'లో రాఘవ లారెన్స్, కంగనా రనౌత్, అదే ఏడాది ఆస్కార్ అందుకున్న కీరవాణి సంగీతం, మళ్లీ వడివేలు, అదే బంగళా. అన్నీ ఉన్నాయి. కానీ ఆత్మ నిజంగా వచ్చి ఒంట్లో దూరుతుంది. నలుగురు కూడి మొదటి సినిమాలో కష్టపడి నయం చేసింది దేన్నన్న ప్రశ్నే ఆ కథకు లేదు. ఈ నాట్యకత్తె చుట్టూ ఒకే దర్శకుడు మొత్తం ఐదు సినిమాలు తీశాడు. మొదటి రెండింటిలో ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో, తర్వాతి మూడింటిలో అదే తాళాన్ని చేజేతులా జారవిడిచాడు.

డబ్బు లెక్క వేరే ఉంది, దాన్ని కాదనలేను. 'ఆప్తరక్షక' కర్ణాటకలో బాగా ఆడింది. విష్ణువర్ధన్ 2009 డిసెంబరు 30న పోయారు, ఆ తర్వాత విడుదలైన ఆయన సినిమా అది. కన్నడ జనం ఆయనకు వీడ్కోలు చెప్పడానికి వెళ్లారు. హిందీలో 2022లో వచ్చిన 'భూల్ భులయ్యా 2', 2024 దీపావళికి వచ్చిన మూడో భాగం రెండూ బాగా వసూలు చేశాయి. రెండో భాగంలో దయ్యం నిజం దయ్యమే. జనానికి నచ్చింది, నవ్వుకున్నారు. అవి ఆడాయి కాబట్టే మళ్లీ మళ్లీ తీస్తారు.

అయినా ఈ మార్పు నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో దర్గా మహిమతో నయమవుతుందని తెచ్చి వదిలేసిన మానసిక రోగులను పాకల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులు విప్పేవాళ్లు లేక 28 మంది కాలిపోయారు. ఆ రాష్ట్రంలోనే నాలుగేళ్ల తర్వాత అంత పెద్ద హీరో తెర మీద నిలబడి, ఇది దయ్యం కాదు, జబ్బు అని చెప్పాడు. మన పల్లెల్లోనూ గాలి సోకిందని వేపమండలతో కొట్టించుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మా అమ్మమ్మ ఊళ్లో ఒకావిణ్ణి చిన్నప్పుడు నేనే చూశాను. ఆవిడ అరుపులు వీధి చివరిదాకా వినపడేవి. గంగలాంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని కోట్ల మందికి చెప్పిన కథను వెనక్కి తిప్పి, మళ్లీ భూతవైద్యుడి ముందు కూర్చోబెట్టడం నాకు మింగుడు పడదు.

'మణిచిత్రతాళు'లోని వైద్యం అక్షరాలా శాస్త్రం కాదు. ఇరుసు మీద తిరిగే పలక మీద మనిషిని తప్పించి బొమ్మను పెట్టి, ఆమెచేత ఆ బొమ్మ తల నరికించి పగ తీరిందనిపించడం సినిమా వైద్యమే. ఏ మానసిక వైద్యుడూ అలా చేయడు. కానీ ఆ పలక తిరిగే క్షణంలో డాక్టరు, మంత్రశాస్త్రం తెలిసిన పెద్దాయన, భర్త, ముగ్గురూ ఆమెను బతికించుకోవడానికే నిలబడ్డారు. ఆ తాంత్రికుడు కూడా డాక్టరు మాట విని పక్కకు జరిగే వివేకి.

నాకు కావలసిన సీక్వెల్ ఒకటుంది. గంగకు ఇప్పుడు యాభై దాటాయి. కూతురు పెరిగింది, నాట్యం నేర్చుకుంటానంటోంది. ఇంట్లో గజ్జెలు మోగిన మొదటి రోజు భర్త చదువుతున్న పేపరు దించి భార్య ముఖం వైపు చూస్తాడు. ఆమె ఆ చూపును పట్టేస్తుంది. ఇన్నేళ్లుగా ఆ చూపు ఆమెకు తెలుసు. కొంచెం గట్టిగా మాట్లాడినా, రాత్రి నిద్రపట్టక వరండాలో నడిచినా ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర వదిలేసి వెళ్లిన తల్లిదండ్రుల మీద కోపం, ఆ ఒంటరితనం, పరీక్ష రోజున పట్నం తీసుకుపోతామన్నప్పుడు కలిగిన భయం మలయాళం కథలో రెండు నిమిషాల్లో చెప్పేశారు. జబ్బుకు మూలం అక్కడుంది. దాన్ని తీరిగ్గా చూపొచ్చు. జబ్బు మళ్లీ తిరగబెడుతుందా అన్న ఒక్క అనుమానం చాలు, ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టడానికి.

ఆ వయసు గంగను మోయగలవాళ్లు ఇద్దరున్నారు. శోభన 2024లో 'కల్కి 2898 ఏడీ'లో మరియంగా మన ముందుకు వచ్చింది. జ్యోతిక 2023లో మలయాళం 'కాదల్'లో ఇరవై ఏళ్ల సంసారం తర్వాత విడాకులడిగే భార్యగా, పెద్దగా మాటలు లేకుండానే ఆ బరువంతా చూపించింది. అలాంటి కథ రాసుకుని వాళ్ల గడప తొక్కే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.