ఆగ్నేయం వైపు డిష్షు, హాల్లో చిన్న పెట్టె

కోయంబత్తూరు సింగానల్లూరులో కేబుల్ పెట్టించుకుంటే తమిళం దానంతటదే వస్తుంది. తెలుగు మాత్రం అడిగి వేయించుకోవాలి. ఊరు తమిళ ఊరు, అందులో తప్పేమీ లేదు. కానీ తిరుచ్చి రోడ్డుకి అటూ ఇటూ, వరదరాజపురంలో, ఉప్పిలిపాళయంలో, నాయుళ్ల ఇళ్లలో ఇప్పటికీ పొయ్యి దగ్గర మాట తెలుగే. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబాలివి. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు అయ్యేసరికి తెలుగుకి మిగిలింది వంటిల్లే. మా ఇంట్లో ఐదో తరగతి పిల్లకి "పాలు పొంగుతున్నాయి, స్టవ్వు కట్టెయ్" వచ్చు. "తుపాను హెచ్చరిక", "ఎన్నికల ఫలితాలు", "రిజర్వాయరు గేట్లు ఎత్తేశారు" లాంటివి రావు. అలాంటి మాటలు మా ఇళ్లకి టీవీలోంచి తప్ప ఇంకెక్కణ్నుంచీ రావు.

2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల పద్ధతి వచ్చాక ఏ చానల్‌కి ఆ చానల్ ఎంచుకుని డబ్బు కట్టే వీలు దొరికింది. మంచిదే. అయినా ఒక పెట్టె ఒక టీవీకే. మా అవ్వకి కావలసిన కార్యక్రమం వచ్చే వేళకి ఆమె కునుకు తీస్తూ ఉంటుంది. పిల్ల వినాల్సింది వచ్చే వేళకి పిల్ల ట్యూషన్‌లో ఉంటుంది. వచ్చినదాన్ని పట్టి ఉంచి, మనుషులకి వీలైనప్పుడు వేసి చూపించే పెట్టె ఒకటి కావాలి. హోమ్ థియేటర్ పీసీ అంటే నాకు అదే. పెద్ద స్పీకర్లూ, చీకటి గదీ కాదు.

తక్కువ ఖర్చులో కట్టడమనే పనికి ఈ ఊళ్లో గొప్ప పూర్వీకుడున్నాడు. జి.డి. నాయుడు 1893లో ఇక్కడికి దగ్గర్లోనే, కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు చేశారు. 1941లో ఐదు వాల్వుల రేడియోని డెబ్బై రూపాయలకే తయారు చేయగలనని ప్రకటించారు. అవినాశి రోడ్డులో ఆయన పేరున మ్యూజియం ఉంది, తెలుగు వాళ్లెవరు కోయంబత్తూరు వచ్చినా నేను అక్కడికి తీసుకెళ్తాను. ఆ డెబ్బై రూపాయల మాట నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ధర తగ్గించడమంటే నాసిరకం సరుకు వాడటం కాదు. ఏ భాగం లేకపోయినా పని జరుగుతుందో, ఏది లేకపోతే జరగదో విడదీసి చూడగలగడం.

ఈ పెట్టె విషయంలో ఆ లెక్క చాలామందికి తలకిందులుగా ఉంటుంది. డబ్బంతా ప్రాసెసర్ మీద పోసి, రిమోట్ సంగతి తర్వాత చూద్దామంటారు. నిజానికి వీడియో విప్పే పని ప్రాసెసర్‌ది కాదు, దాని లోపలి గ్రాఫిక్స్ భాగంలో ఆ పనికే పెట్టిన చిన్న సర్క్యూట్‌ది. ఇంటెల్‌లో 2011 నాటి రెండో తరం నుంచీ అది ఉంది. దూరదర్శన్ ఉచిత చానళ్లకి వాడే ఎంపెగ్-2ని, మామూలు హెచ్.264ని అది అలవోకగా విప్పుతుంది. పది బిట్ల హెచ్ఈవీసీ ఫైళ్లు కూడా ఆడాలంటే ఏడో తరం నుంచి తీసుకోవాలి. అంతకు మించి ఇంటి టీవీకి అక్కర్లేదు.

గాంధీపురం వైపు పాత కంప్యూటర్లు అమ్మే దుకాణాల్లో, కంపెనీలు వాడి వదిలేసిన డెల్, లెనోవో, హెచ్‌పీ మినీ పీసీలు దొరుకుతాయి. లావుపాటి పుస్తకమంత ఉంటాయి. నేను కొన్నప్పుడు పది వేల లోపే. దుకాణం అతను "గేమింగ్‌కా అన్నా?" అన్నాడు. టీవీకి అని చెప్పగానే చేతిలోది పక్కన పెట్టి, ఇంకా చౌకదాన్ని కింద అరలోంచి తీసి దుమ్ము తుడిచాడు. "టీవీకి ఇది చాలన్నా. ఫ్యాన్ శబ్దం మాత్రం ఒకసారి చెవి పెట్టి వినండి." హాల్లో రాత్రింబవళ్లు ఉండే యంత్రానికి అంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇలాంటి పెట్టె ఊరికే ఉన్నప్పుడు పది వాట్ల దరిదాపుల్లో తింటుంది. రెండు నెలలకి పద్నాలుగు పదిహేను యూనిట్లు. తమిళనాడులో రెండు నెలల బిల్లుకి మొదటి వంద యూనిట్లు ఉచితం కాబట్టి అందులో ఇది పెద్ద భారం కాదు. నెలకోసారి మెయింటెనెన్స్‌కని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు తీసే రోజు ఒకటుంటుంది కదా, దానికోసం బయాస్‌లో ఒక సెట్టింగ్ మార్చాలి. కరెంటు తిరిగి రాగానే యంత్రం తనంతట తనే లేచేలా. ఇది చేయకపోతే ఆ సాయంత్రం రికార్డింగ్ ఉండదు, కారణం ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

లైవ్ టీవీకి నేను నమ్ముకున్నది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 చానళ్లతో మొదలైంది. చందా లేదు. అందులో ఎంపెగ్-2 చానళ్లు తాళం లేకుండా వస్తాయి, అందుకే కంప్యూటర్‌కి తగిలించే డీవీబీ-ఎస్2 ట్యూనర్ వాటిని నేరుగా పట్టుకోగలదు. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి రెండూ ఉన్నాయి. ఒకటి ఆంధ్ర, ఒకటి తెలంగాణ. డబ్బు కట్టే చానళ్లకి తాళం ఉంటుంది, దాన్ని పగలగొట్టే దారులు నేను వెతకను, ఎవరికీ చెప్పను. ఓటీటీ కోసమైతే అసలు ఈ పెట్టే కట్టక్కర్లేదు. లినక్స్ పీసీలో ఆ కంపెనీలు బొమ్మ నాణ్యత తగ్గించి ఇస్తాయి, అవన్నీ టీవీలోని యాప్‌లోనే బాగా కనిపిస్తాయి. తిరుమల దేవస్థానం వాళ్ల ఎస్వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది.

ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15. 2015 నవంబర్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరింది, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. సింగానల్లూరు డాబా మీద నిలబడి చూస్తే అది ఆగ్నేయానికి కాస్త తూర్పుగా, నేల నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు లెక్క. అంటే దాదాపు నడినెత్తి మీద. మన ప్రాంతం భూమధ్యరేఖకి దగ్గర కావడం వల్ల వచ్చిన వరమిది, పక్కింటి కొబ్బరి చెట్టు గానీ ఎదుటి అపార్ట్‌మెంట్ గానీ అడ్డు రావు. కానీ కొత్తగా బిగించేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. ఈ చిన్న డిష్షుల్లో సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ ఉన్న చేయి కింది నుంచి వస్తుంది కాబట్టి, 67 డిగ్రీలు చూడాల్సిన డిష్షు కంటికి నలభై మూడు డిగ్రీలకి వంగినట్టు మాత్రమే కనిపిస్తుంది. కంటిని నమ్మి ఇంకా పైకి లేపితే సిగ్నల్ పోతుంది. ట్యూనర్ చూపించే అంకెల్లో బలం అంకె కన్నా శుభ్రత అంకె, అంటే ఎస్ఎన్ఆర్, ముఖ్యం. ఒకరు డాబా మీద, ఒకరు స్క్రీన్ ముందు ఫోన్ పట్టుకుని, వేలెడు వేలెడు జరుపుతూ చేసే పని. తమిళ ఆడి మాసంలో, అంటే జులై-ఆగస్టుల్లో, పాల్ఘాట్ కనుమలోంచి ఊళ్లోకి వచ్చే గాలి సామాన్యమైనది కాదు. నట్లకి స్ప్రింగ్ వాషర్ వేసి బిగించకపోతే ఆ గాలికి డిష్షు వెంట్రుకవాసి తిరిగినా చాలు, బొమ్మ ముక్కలైపోతుంది. ఐప్పసిలో, అంటే అక్టోబర్-నవంబర్‌లలో, వాన గట్టిగా కురిసేటప్పుడు సిగ్నల్ కాసేపు పోతుంది, దానికి మనం చేయగలిగింది లేదు.

సాఫ్ట్‌వేర్‌కి ఖర్చు సున్నా. ట్యూనర్‌ని నడిపి రికార్డు చేసేది టీవీహెడ్‌ఎండ్. ముందు కనపడేది కోడి. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటపెట్టె మీద సినిమాలు ఆడించడానికి కొందరు సరదాగా రాసుకున్న ప్రోగ్రాం అది. 2014లో ఇప్పటి పేరు పెట్టుకుంది. వాళ్లలో ఎవరినీ నేను చూడలేదు, ఒక్క పైసా కట్టలేదు. వాళ్ల పుణ్యమా అని మా అవ్వ వార్తలు వింటోంది.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూపించాలి. అన్నీ బిగించాక వార్తలు పెట్టండి, కింద పరిగెత్తే అక్షరాల పట్టీని చూడండి. అక్షరాలు జారిపోతున్నట్టు కాకుండా, సన్నగా కుదుపులు కుదుపులుగా నడుస్తుంటాయి. చాలామంది ప్రాసెసర్ చాలలేదనుకుని కొత్తది కొంటారు. కారణం వేరే. మన దేశంలో టీవీ ప్రసారం సెకనుకి 50 లెక్కన నడుస్తుంది. కంప్యూటర్ మామూలుగా టీవీకి 60 లెక్కన పంపుతుంది. 50 బొమ్మల్ని 60 సార్లు చూపించాలంటే ప్రతి సెకనులో పది బొమ్మలు రెండేసి సార్లు కనపడక తప్పదు, ఆ పదే ఆ కుదుపులు. కోడిలో "అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్" అనేదాన్ని ఆన్ చేస్తే, ప్రసారానికి 50, సినిమాకి 24 లెక్కన టీవీనే మారుతుంది. పట్టీ నూనె రాసినట్టు జారుతుంది. తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకి ఆ పట్టీయే పాఠం. కుదుపుల్లో కూడబలుక్కోవడం కష్టం, జారుతుంటే వేలు పెట్టి చదువుతుంది. మొన్న "తుపాను" అన్న మాటని తనే పట్టుకుంది.

రిమోట్‌కి నేను ఇచ్చినంత సమయం ఇంక దేనికీ ఇవ్వలేదు. యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్ ఒకటి తగిలిస్తే మూలన పడున్న ఏ పాత రిమోట్ అయినా పనికొస్తుంది. ఎరుపు బటన్ నొక్కితే సప్తగిరి, పచ్చ నొక్కితే యాదగిరి, పసుపు నొక్కితే పట్టి ఉంచినవి. మిగతా బటన్లలో శబ్దం, పైకీ కిందికీ, ఓకే, వెనక్కి తప్ప అన్నిటినీ పనిచేయకుండా చేశాను. పొరపాటున ఏది నొక్కినా ఏమీ పాడవదు అన్న ధైర్యం పెద్దవాళ్లకి కలిగితేనే వాళ్లు యంత్రాన్ని చేతిలోకి తీసుకుంటారు. అవ్వ మొదట అడిగింది ఇదీ: "ఏమప్పా, పొద్దున వార్తలు ఇప్పుడేస్తే వస్తాయా?" పసుపు నొక్కమన్నాను. వచ్చాయి. అప్పటినుంచి ఆమె మధ్యాహ్నం కునుకు మానుకోలేదు, వార్తలూ మానుకోలేదు.

ఉచిత ప్రసారం గంటసేపు పట్టి ఉంచితే సుమారు ఒకటిన్నర జీబీ లోపే. ఒక టీబీ డిస్కులో ఆరేడు వందల గంటలు పడతాయి. దూరదర్శన్ వేళలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి కనక ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు కలిపి పెట్టుకోవాలి. పట్టి ఉంచినవాటి పేర్లు నేను తెలుగు అక్షరాల్లో బొమ్మలుగా చేసి పెట్టాను. పిల్లకి కావలసిన కథ దొరకాలంటే ఆ అక్షరాలు పోల్చుకోవాలి మరి.

డిస్కులో ఇంకా ఉన్నవి ఇంటి పెళ్లిళ్ల పాత వీహెచ్ఎస్ టేపుల కాపీలు, సొంతంగా కొన్న డీవీడీలు, కొన్ని పాత సినిమాలు. మన చట్టంలో సినిమా మీద కాపీరైటు విడుదలైన 60 ఏళ్ల వరకే. 1951 నాటి "పాతాళ భైరవి", 1957 నాటి "మాయాబజార్" ఆ గడువు దాటేశాయి. మా ఇంట్లో ఎక్కువసార్లు ఆడేది మాత్రం 1954 నాటి "అగ్గిరాముడు". ఎన్టీఆర్, భానుమతి ఉన్న ఆ సినిమా తీసింది ఈ ఊరి పక్షిరాజా సంస్థ, దర్శకుడు ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు. అంతకుముందు ఆయన పనిచేసిన సెంట్రల్ స్టూడియోస్ మా సింగానల్లూరులోనే ఉండేది, ఎం.జి.ఆర్. తొలిసారి హీరోగా వేసిన "రాజకుమారి" అక్కడే తయారైంది. కోయంబత్తూరు కూడా తెలుగు సినిమా తీసిన ఊరేనని బడిలో పిల్లలకి ఎవరూ చెప్పరు. ఇంట్లో చూపించగలిగినందుకు నాకు చెప్పలేనంత సంతోషం.

ఈ వారం మదురై నుంచి మా పిన్ని ఫోన్ చేసింది, తనకీ ఒకటి కట్టిపెట్టమని. కొడుకు వదిలేసి వెళ్లిన నాలుగో తరం కంప్యూటర్ ఇంట్లో ఉందట, అది పనికొస్తుందా అని అడిగింది. ఫ్రీ డిష్‌కీ పాత సినిమాలకీ నిక్షేపంగా పనికొస్తుంది. ట్యూనర్, ఐఆర్ రిసీవర్, కొత్త హార్డ్ డిస్కు కొంటే చాలు. మదురైలో డిష్షు సింగానల్లూరులో కంటే రెండు డిగ్రీలు పైకి చూడాలి. పాత రిమోట్లు ఏవీ పారేయొద్దని చెప్పాను, వాటిలో పెద్ద అక్షరాలున్నది ఏదో చూసి పక్కన పెట్టమన్నాను.