మొదటి గంట పోతే బంధం పోతుందా?

టీచర్ ట్రైనింగ్‌లో పిల్లల మనస్తత్వం చెప్పిన సారు ఒక మాట నోట్సు రాయించారు. పుట్టిన వెంటనే తల్లీబిడ్డా కలిసి ఉంటేనే వాళ్ల మధ్య గట్టి బంధం ఏర్పడుతుందని. పరీక్షలో అదే రాశాను, మార్కులూ పడ్డాయి. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ అనే అమెరికా పిల్లల డాక్టర్లు 1976లో రాసిన పుస్తకంతో అది బాగా ప్రచారమైంది. దాని వెనక 1972లో అచ్చయిన వాళ్ల అధ్యయనం ఉంది. తొలి కాన్పు తల్లులు 28 మంది. సగం మందికి అక్కడి ఆసుపత్రి అలవాటు ప్రకారం పుట్టగానే బిడ్డను ఒకసారి చూపించి తీసుకుపోయారు, తర్వాత నాలుగు గంటలకోసారి పాలు పట్టడానికి తెచ్చిచ్చారు. మిగతా సగం మంది దగ్గర మొదటి మూడు రోజుల్లో 16 గంటలు అదనంగా బిడ్డను ఉంచారు. నెల తర్వాత డాక్టరు బిడ్డను పరీక్షిస్తుంటే ఈ తల్లులు దగ్గరగా నిలబడ్డారట, ఏడిస్తే ఎక్కువగా ఊరడించారట.

ఈ పుస్తకం మేలు చేసింది, కాదనను. బిడ్డల్ని అద్దాల గదిలో పెట్టే ఆసుపత్రుల తలుపులు తెరిపించింది. నా పేచీ వేరు. 28 మందిని చూసి లోకంలోని తల్లులందరికీ గడియారం పెట్టవచ్చా? పైగా ఆ పోలిక విడదీసిన తల్లికీ, కాస్త తక్కువగా విడదీసిన తల్లికీ మధ్య. పుట్టిన దగ్గరనుంచీ బిడ్డ తల్లి పక్కనే పడుకునే మన గూడేలు అందులో లేవు. 1982లో వచ్చిన రెండో కూర్పులో పేరులోని 'తల్లి' పోయి 'తల్లిదండ్రులు' వచ్చారు. ఆ తొలి గంటలు దాటినా మనిషికి బంధం కుదురుతుందని రచయితలే ఒప్పుకున్నారు. 1992లో డయాన్ అయర్ ఈ సిద్ధాంతాన్ని గట్టిగా విమర్శిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మా నోట్సులోకి మాత్రం మొదటి కూర్పే వచ్చింది.

నాకీ కోపం పుస్తకం చదివి వచ్చింది కాదు. మా అన్న కూతురికి తొలి కాన్పు కష్టమైంది. బిడ్డ బరువు తక్కువని వేరే భవనంలోని వార్డుకు తీసుకుపోయారు. కుట్లతో ఈ పిల్ల అంత దూరం నడవలేదు. పదకొండు రోజులు. ఎవరో వచ్చి, మొదటి గంటలో ఒళ్లోకి తీసుకోకపోతే ప్రేమ తగ్గుతుందని చెప్పి పోయారు. బిడ్డను చేతికిచ్చాక ఆమె నన్ను పట్టుకుని, "అత్తా, ఇది నా బిడ్డేనా? నాకేమీ అనిపించడం లేదు" అని ఏడ్చింది.

మొదటి గంటలోనే పాలివ్వాలన్న మాటను నేను తప్పుపట్టడం లేదు. అది ముర్రుపాల కోసం, వెచ్చదనం కోసం చెప్పేది. మన ఇళ్లలోనూ ముర్రుపాలు పిండి పారబోసిన ముసలమ్మలున్నారు, అదీ ఒప్పుకోవాలి. కానీ ఒంటి మేలు వేరు, ప్రేమకు గడువు పెట్టడం వేరు. బొగోటా నగరంలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు బరువు తక్కువ బిడ్డల్ని తల్లుల రొమ్ముకు ఆనించి కట్టించాడు. ఆ పద్ధతికి గంట దాటిపోయిందన్న అడ్డు లేదు. గుడ్డతో బిడ్డను ఒంటికి కట్టుకోవడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా?

మా పిల్లకు వాళ్లమ్మ అలాగే కట్టింది. మూడు వారాలు పట్టింది. ఒకరోజు సంతలో ఎవరి బిడ్డో ఏడిస్తే నేను కంగారుపడి తిరిగి చూశాను. "అది మనది కాదులే అత్తా" అంది, చూడకుండానే.