బొగ్గు పేర్చడంలోనే వంట

మూత ఉండే గుండ్రటి బొగ్గుల పొయ్యి అయిన కెటిల్ గ్రిల్‌కు సెగ పెంచే, తగ్గించే మీట ఉండదు. వండేవారి చేతిలో ఉన్నవి రెండే: బొగ్గులు పేర్చే తీరు, గాలి వదిలే తీరు. అమెరికా పెరళ్లలో నిమిషాల్లో వేగే రొయ్యల నుంచి పూటంతా మగ్గాల్సిన పంది భుజం మాంసం దాకా అన్నీ ఈ రెంటితోనే వండుతారు. ఈ పనితనం నేర్చుకోదగ్గది.

1952లో షికాగో ప్రాంతంలోని వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్ ఈ గ్రిల్‌ను రూపొందించాడు. అప్పటి మూతలేని గ్రిల్స్‌లో గాలి వీస్తే బూడిద ఎగిరేది, సెగ నిలిచేది కాదు. నీటిపై తేలే బోయాల కోసం ఆ కర్మాగారంలో తయారయ్యే లోహపు గోళం అతనికి దారి చూపింది. కింది సగం నిప్పుల గిన్నె అయింది, పై సగం మూత అయింది. మూత రావడంతో అదే పొయ్యి కాల్చడానికీ, ఓవెన్‌లా మగ్గించడానికీ పనికొచ్చింది.

ముందు బొగ్గు రాజేయాలి. చిమ్నీ అనే రేకు గొట్టంలో బొగ్గులు నింపి, అడుగున కాగితం ముట్టిస్తే ఇరవై నిమిషాలకు పైబొగ్గుల అంచులు కూడా తెల్లబడతాయి. కిరోసిన్ లాంటివి పోస్తే ఆ వాసన తిండికి పడుతుంది.

రొయ్యలు, మొక్కజొన్న కంకులు, పలుచని మాంసం ముక్కలు త్వరగా కాలతాయి కాబట్టి జాలీ కింద నిప్పులు సమంగా పరిస్తే చాలు. కోడి తొడలకు అలా కుదరదు. కొవ్వు నిప్పులపై కారి మంట లేస్తుంది, పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచుతారు. ముక్కల్ని ఖాళీ వైపు పెట్టి మూత వేస్తే లోపల తిరిగే వేడిగాలి వాటిని ఉడికిస్తుంది. ముక్క లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. చివర్లో నిప్పుల మీదికి జరిపితే తోలు కరకరలాడుతుంది. కోడిని మొత్తంగా వండాలంటే నిప్పుల్ని రెండు పక్కలా పోసి, నడుమ నీళ్ల పళ్లెం ఉంచి, దానిపైన కోడిని పెడతారు.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది 'పాము' పద్ధతి. ఒకే పరిమాణంలో ఉండే బ్రికెట్లనే బొగ్గు దిమ్మలను గిన్నె అంచు వెంట రెండు వరుసలుగా, రెండు పొరలుగా వంపు తిప్పి పేరుస్తారు. ఒక కొసన మాత్రం కొన్ని రాజుకున్న బొగ్గులు పెడతారు. నిప్పు ఒక దిమ్మ నుంచి మరో దిమ్మకు పాకుతూ గంటల తరబడి 110–135 డిగ్రీల వేడిని నిలుపుతుంది. గట్టి మాంసంలోని కొల్లాజెన్ కరగడానికి కావలసింది ఈ నిదానమే. వరుస మీద అక్కడక్కడా హికరీ చెక్క ముక్కలు పెడితే పొగ రుచి కూడా పడుతుంది.

పేర్చిన నిప్పును నడిపేది గాలి. గిన్నె అడుగున ఉన్న రంధ్రాలు తెరిస్తే సెగ పెరుగుతుంది, కొంత మూస్తే తగ్గుతుంది. మూతపై ఉన్న రంధ్రం మాంసం వైపు ఉండేలా మూత తిప్పాలి. అప్పుడు వేడీ పొగా మాంసాన్ని తాకుతూ బయటికి పోతాయి. వంటయ్యాక రంధ్రాలన్నీ మూసేస్తే నిప్పు ఆరి, మిగిలిన బొగ్గు మరో వంటకు పనికొస్తుంది. బొగ్గు నుంచి ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి గరాజ్‌లోనో, ఇంట్లోనో ఈ గ్రిల్‌ను ఎన్నడూ వెలిగించకూడదు.

హండీ కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని పెట్టి బిర్యానీని దమ్ చేసే హైదరాబాద్ వంటవారికి ఈ లెక్క తెలిసిందే. అమెరికాలో స్థిరపడి, పెరట్లో మసాలా పట్టించిన కోడిని కాల్చుకునే తెలుగువారికి ఆ అవగాహన అక్కరకొస్తుంది. కొత్తవారు ఒక పక్క నిప్పులు, ఒక పక్క ఖాళీ అనే పద్ధతితో మొదలుపెట్టాలి. ఏ ముక్కకు ఎంత సెగ, ఎంతసేపు కావాలో అది చేతికి నేర్పుతుంది. తక్కిన పద్ధతులన్నిటికీ ఆ తెలివిడే పునాది.