మూత్రాశయ కేన్సర్: శస్త్రచికిత్స తరువాతి అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు?

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి చేరువలో, డుమస్ అనే ఊరు ఉంది. నల్ల ఇసుక తీరానికి పేరుపొందిన ఊరు. ముంబాయి రేవు కోసం తయారుచేసిన ఆటుపోట్ల పట్టికను పట్టుకుని ఎవరైనా డుమస్ వెళ్ళారనుకోండి. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దదనీ, అష్టమి నాటికి చిన్నదవుతుందనీ ఆ పట్టిక సరిగానే చెబుతుంది. ఎత్తూ, వేళా మాత్రం తప్పుతాయి. ఖంభాత్ సింధుశాఖ గరాటులా సన్నబడే కొద్దీ పోటు ఎత్తు పెరుగుతుంది, ఆలస్యంగానూ వస్తుంది. పట్టికలో లెక్క తప్పలేదు. అది వేరే తీరానికి కట్టిన లెక్క, అంతే.

వైద్యశాస్త్రంలోనూ ఇలాంటి పట్టికలున్నాయి. వాటిలో బాగా వాడుకలోకి వచ్చిన ఒకదాన్ని ఇక్కడ పరీక్షిద్దాం.

మూత్రాశయ కేన్సర్ చాలామందిలో మొదట లోపలి పొరకే పరిమితమై ఉంటుంది. పొట్ట కోయనక్కర లేకుండా, మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి, గడ్డను గీకి తీసివేస్తారు. చిక్కంతా ఆ తరువాతే. గడ్డ మళ్ళీ మొలవవచ్చు. లేదా కండరంలోకి చొచ్చుకుపోయి ప్రాణాంతకం కావచ్చు. ఎవరికి ఏది జరుగుతుంది? దీనికి జవాబుగా యూరప్‌లోని ఇ.ఓ.ఆర్.టి.సి. అనే కేన్సర్ పరిశోధనా సంస్థ 2006లో ఒక పట్టికను ప్రచురించింది. ఏడు ప్రయోగాలలో పాల్గొన్న 2,596 మంది రోగుల వివరాలు దానికి ఆధారం.

పట్టిక ఆరు ప్రశ్నలు అడుగుతుంది: గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి, ఇంతకుముందు ఎన్నిసార్లు తిరగబెట్టాయి, ఎంత లోతుకు పోయాయి, పక్కన చదునుగా పాకే రకం కేన్సర్ ఉందా, కణాలు ఎంత వికృతంగా ఉన్నాయి? ఒక్కొక్క జవాబుకు కొన్ని మార్కులు. గడ్డలు 8 లేక అంతకు మించి ఉంటే 6 మార్కులు. 3 సెంటీమీటర్లు, అంతకన్నా పెద్దవైతే 3. తిరగబెట్టడానికి మొత్తం 17 మార్కులు. పరీక్షల్లో మీకు మార్కులు ఎక్కువ రావాలి. ఇక్కడ సున్నా రావాలి! సున్నా వచ్చినవారిలో నూటికి 15 మందికి ఏడాదిలోపు వ్యాధి తిరగబెడుతుంది. 10 లేక అంతకు మించి వస్తే నూటికి 61 మందికి. ఐదేళ్ళకైతే ఈ అంకెలు 31, 78.

దీని సుగుణాన్ని ముందు ఒప్పుకోవాలి. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఏ తాలూకా ఆసుపత్రిలోనైనా వాడవచ్చు. అయితే మనుషులను వరుసలో నిలబెట్టడంలో దాని నేర్పు ఎంత? ఇద్దరు రోగులలో ఎవరికి ముందు తిరగబెడుతుందో ప్రతిసారీ సరిగా చెబితే 1, బొమ్మా బొరుసూ వేసినట్లయితే 0.5 అని గణాంకశాస్త్రజ్ఞులు కొలుస్తారు. తిరగబెట్టడం విషయంలో ఈ పట్టికకు దక్కింది 0.66. కండరంలోకి చొచ్చుకుపోవడం విషయంలో సుమారు 0.75. గుడ్డివాటం కాదు, అలాగని దివ్యదృష్టీ కాదు. మరో మాట: 61 శాతం అన్నది ఒక గుంపు గురించిన వాక్యం. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ 61 మందిలో ఒకడో, మిగిలిన 39 మందిలో ఒకడో పట్టిక చెప్పదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఆ ప్రయోగాలలో రోగులు చేరింది 1979 – 1989 మధ్య. క్షయ నివారణకు మనకందరికీ వేసే బి.సి.జి.ని మూత్రాశయంలోకి ఎక్కించి చికిత్స చేయడం 1976లోనే వెలుగులోకి వచ్చినా, వీరిలో బహు కొద్దిమందికే అది అందింది. 2009లో స్పెయిన్ వైద్యులు బి.సి.జి. తీసుకున్న 1,062 మందిని పరిశీలిస్తే, పాత పట్టిక చెప్పినంతగా వ్యాధి తిరగబెట్టలేదని తేలింది. ముంబాయి పట్టికతో డుమస్‌లో వచ్చిన చిక్కే ఇది. ఒకే ఖండంలోనే, చికిత్స మారితే, కొలబద్ద జారిపోయింది!

మరి మన దగ్గర? సూరత్‌లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన నేత కార్మిక కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నగరంలో బట్టలకు రంగులు అద్దే మిల్లులూ ఎక్కువే. రంగులకూ ఈ కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ బయటపెట్టాడు. 1996లో వెలువడిన అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, అమెరికా శాస్త్రజ్ఞుల ఉమ్మడి పరిశోధనలో, బెంజిడిన్‌తోనూ దాని నుంచి వచ్చే రంగులతోనూ పనిచేసే కార్మికుల మూత్రాశయ కణాల డి.ఎన్.ఏ.కు ఆ రసాయనం అతుక్కుని కనిపించింది. అయితే మరమగ్గం నడిపే నేతగాడు రంగు ముట్టడు. పాలియెస్టర్‌కు రంగులద్దడమూ బెంజిడిన్ తయారుచేయడమూ ఒకటి కాదు.

“అలాగైతే పట్టిక వృత్తి ఏమిటని ఎందుకు అడగలేదు?” అని మీరు అడగవచ్చు. ఇక్కడ తొందరపడకూడదు. జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న. వచ్చాక ఏమవుతుందన్నది మరొకటి. నిప్పు ఎలా అంటుకున్నదో తెలిసినంత మాత్రాన ఇల్లు ఎంత కాలుతుందో తెలియదు కదా! కాబట్టి వృత్తిని అడగకపోవడాన్ని నేను లోపంగా లెక్కించను. పొగతాగడం సంగతి వేరు. ఆపరేషన్ తరువాత కూడా బీడీ, సిగరెట్ మానని వారిలో వ్యాధి ఎక్కువగా తిరగబెడుతున్నదని పలు పరిశీలనలు చూపాయి. ఆ ప్రశ్న ఉండవలసింది.

సూరత్‌కు సొంత పట్టిక తయారుచేయాలంటే పెద్ద అడ్డంకి వలస. ఆపరేషన్ అయిన మూడు నెలలకు, ఆపైన క్రమం తప్పకుండా, గొట్టం వేసి లోపల చూడాలి. మధ్యలో రావడం మానేసినవారిని లెక్కలో ఎలా పెట్టాలి? కప్లాన్, మేయర్ 1958లో ఒక పద్ధతి చెప్పారు: రోగి కనిపించినంత కాలం లెక్కించి, అక్కడి నుంచి వదిలేయాలి. వెళ్ళిపోయినవారి గతి ఉన్నవారి గతిలాగే ఉంటుందన్నది దీనిలోని ఊహ.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది సూరత్ విడిచి వెళ్ళారు. ఆ కారణంగా ఒక రోగి లెక్కలోంచి తప్పుకుంటే ఈ ఊహకు పెద్దగా భంగం లేదు. ప్లేగు భయానికీ అతని మూత్రాశయానికీ సంబంధం లేదు. కానీ మూత్రంలో మళ్ళీ రక్తం పడి, పనికి పోలేక, అద్దె కట్టలేక సిరిసిల్లకో జనగామకో బస్సెక్కినవాడి సంగతి? అతను వెళ్ళింది జబ్బు వల్లనే. అతన్ని వదిలేసి కట్టిన లెక్కలో మిగిలేది బాగున్నవారే. పట్టిక అందంగా వస్తుంది. దాన్ని నమ్మి “నీకు ప్రమాదం తక్కువ, తీరిగ్గా రా” అని పంపేసిన తరువాతి రోగికి కండరం దాకా పాకిన కేన్సర్ ఆలస్యంగా బయటపడుతుంది. అప్పుడు మూత్రాశయాన్నే తీసివేయవలసి రావచ్చు.

ఈ లోపాన్ని ఏ గణిత సూత్రమూ సరిదిద్దదు. సూరత్ ఆసుపత్రి చీటీ సిరిసిల్ల ఆసుపత్రిలో చెల్లాలి, అక్కడ చూసిన ఫలితం తిరిగి సూరత్ చేరాలి. పట్టికలోని ఆరు ప్రశ్నలతోపాటు రోగి సొంత ఊరి చిరునామా కూడా మొదటి రోజే రాసుకోవాలి.