వేసవి తరగతులు - ముందు పాఠమా, వెనుకటి లోటా?

ఏటేట ఏప్రిల్ నెలాఖరున బడులు మూయగనే మా చోడవరములో వేసవి తరగతుల ప్రకటనలు గోడలకెక్కును. ఏడవ తరగతి ముగించి ఉన్నత పాఠశాలలో చేరబోవు పిల్లలను తలిదండ్రులు వానికి పంపుదురు. ఈ కోరిక నిరాధారమైనది కాదు. సెలవులలో పిల్లలు సగటున ఒక నెల చదువును కోల్పోవుదురనియు, లెక్కలలో ఈ నష్టము హెచ్చనియు అమెరికాలో హారిస్ కూపర్, అతని సహచరులు 1996లో తేల్చిరి. పెట్టిన పరీక్షనుబట్టి ఈ కొలత మారుచున్నదని 2019లో పాల్ వాన్ హిప్పెల్ శంకించెను. ఏమైనను, సెలవులను వ్యర్థము చేయరాదనుటలో వివాదము లేదు. మన విమర్శ తరగతులు పెట్టుటపై కాదు, వానిలో చెప్పుదానిపై.

గత వేసవిలో మా వీధి బాలుడొకడు తన నోటుపుస్తకము చూపెను. ఎనిమిదవ తరగతి మొదటి మూడు పాఠముల ప్రశ్నోత్తరములు ముత్యములవంటి అక్షరములతో నిండియున్నవి. 3/4, 5/8లలో ఏది పెద్దదని అడిగితిని. "5/8 అండీ, అంకెలు పెద్దవి కదా!" అనెను. భిన్నములే తెలియని బాలునికి అకరణీయ సంఖ్యల పాఠము ముందుగా చెప్పినందున ఏమి లాభము? జూన్‌లో అదే పాఠమును ఉపాధ్యాయుడు మొదలుపెట్టగా వాడు "నాకు వచ్చును" అనుకొని వినడు. లోటు అట్లే ఉండి, పైన ధీమా మాత్రము చేరును.

ఈ సందర్భమున బీహారు అనుభవము గమనింపదగినది. 2008 జూన్‌లో అచట ప్రభుత్వోపాధ్యాయులు, ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో, చదువులో వెనుకబడిన పిల్లలకు నెలరోజులు శిబిరములు నడిపిరి. పాఠ్యక్రమమును ప్రక్కనబెట్టి, పిల్లవాడు ఉన్న మెట్టునుండి మొదలుపెట్టిరి, చదువుట మెరుగుపడెను. పాఠ్యక్రమము పూర్తిచేయవలెనను తొందర లేని వేసవికే ఈ సౌకర్యము గలదు. ఆ సౌకర్యమును మన తరగతులు చేజేతుల పోగొట్టుకొనుచున్నవి.

రెండవ లోపము మరొకటి గలదు. వేసవియే ఒక ప్రయోగశాల. మనము పిల్లలను దానినుండి తప్పించి గదిలో కూర్చుండబెట్టుచున్నాము. చోడవరము అక్షాంశము సుమారు 17.8 డిగ్రీలు. మే రెండవ వారములో సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. నిలువుగా నాటిన కర్రకు ఆ క్షణమున నీడ ఉండదు. అది ఎప్పుడని అడిగిన పిల్లలందరును "పండ్రెండు గంటలకు" అందురు. కొలిచి చూడనిండు. ఉదయము 10 గంటలకు కర్ర నీడ కొనవరకు వలయము గీసి, మధ్యాహ్నము నీడ మరల ఆ వలయమును తాకు వేళ గుర్తింపవలెను. మన పూర్వ ఖగోళజ్ఞులు శంకువుతో దిక్కులు కనుగొనిన పద్ధతి ఇదియే. ఆ రెండు వేళల నడిమి వేళ పండ్రెండు కాదు, సుమారు 11 గంటల 55 నిమిషములు!

ఎందువలన? భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖకు మనము కొంచెము తూర్పున నున్నాము. అందువలన రెండు నిమిషములకు కొంచెము తక్కువ. మిగిలినది, భూకక్ష్య అండాకారమగుటచేతను, భూమి యక్షము వాలియుండుటచేతను, సూర్యుడు గడియారముతో సరిగా నడువకపోవుటవలన కలుగును. ఇందులో భిన్నము, కోణము, వలయము, సగటు అన్నియు వచ్చినవి. పాఠ్యపుస్తకము చెప్పనిదానిని తన కర్రయే చెప్పినదను ఆనందము అదనము.

ఎండ మాటేమందురా? గుర్తులు పెట్టుటకు రెండు నిమిషములు చాలును. తక్కిన వేళ చెట్టునీడన లెక్కలు వేయవచ్చును. వడగాలి హెచ్చరికలున్న దినమున మానివేయవలెను. మార్కుల మాటేమందురా? 3/4 పెద్దదని ఎరిగిన పిల్లవానికే ఎనిమిదవ తరగతి మార్కులు వచ్చును.

కావున వేసవి తరగతులు నడుపు ఉపాధ్యాయులు మొదటిదినమున క్రొత్త పాఠము తెరువక, ఏడవ తరగతి భిన్నములలో పది ప్రశ్నలు అడుగుదురుగాక. ఆ జవాబులే వారి నెలరోజుల పాఠ్యప్రణాళిక.