బ్రాకెట్లో పెట్టిన మనుషులు: కరీబియన్ అస్తిత్వ చర్చ, కృష్ణా డెల్టా ప్రశ్నలు

వలస వెళ్లిన జాతుల సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు మన మేధావులు తరచుగా కరీబియన్ దీవులను నమూనాగా చూపిస్తుంటారు. ఆఫ్రికా, ఐరోపా, ఇండియా, చైనా అన్నీ అక్కడ కలిసి ఒక కొత్త సంస్కృతి పుట్టిందనీ, అస్తిత్వమంటే గడ్డకట్టిన రాయి కాదు పారే నీరనీ చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంది. అయితే పారే నీటికి కూడా ఎగువ, దిగువ ఉంటాయి. ఈ సంగతి కృష్ణా కాలువల శివారు భూముల్లో బతికేవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నీళ్లు ముందు ఎవరి చేలోకి పోతాయో, చివరికి ఉప్పు ఎవరి చేలో తేలుతుందో దివిసీమ కూలిజనానికి బాగా తెలుసు. అందుకే ఈ కరీబియన్ చర్చను బందరు, గుడివాడ, దివిసీమల నుంచి చదవాలని మేము అంటున్నాం. మా ప్రశ్న ఒక్కటే. వైవిధ్యం అనే మాట కింద ఎవరి పేరు నిలబడుతుంది, ఎవరి పేరు బ్రాకెట్లోకి పోతుంది?

ఈ చర్చలో ఎక్కువమంది ఆధారం చేసుకునేది స్టూవర్ట్ హాల్ 1990లో ప్రచురించిన 'కల్చరల్ ఐడెంటిటీ అండ్ డయాస్పోరా' అనే వ్యాసాన్ని. హాల్ 1932లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 1951లో చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అస్తిత్వాన్ని రెండు రకాలుగా చూడొచ్చని ఆయన అంటారు. ఒకటి, పూర్వీకుల నుంచి అందిన ఉమ్మడి ఆస్తిగా చూడడం. రెండు, చరిత్ర నడిచేకొద్దీ తయారవుతూ ఉండేదిగా చూడడం. మొదటిదాన్ని ఆయన కొట్టిపారేయలేదు. వలస పాలన మీద పోరాడినవాళ్లకు అది బలమిచ్చిందని ఒప్పుకుంటూనే రెండోదాని పక్షాన నిలబడ్డారు. తన చిన్నతనంలో చుట్టూ ఉన్నవాళ్లంతా నల్లవాళ్లో చామనచాయవాళ్లో అయినా, ఎవరూ తమను 'ఆఫ్రికన్' అని చెప్పుకోగా వినలేదనీ, 1970లలో గాని ఆ మాట జమైకా జనం నోటికి రాలేదనీ రాశారు.

ఇంతవరకు మాకు పేచీ లేదు. ఊరు పెట్టిన పేరుతో పుట్టి, సర్కారు పెట్టిన 'పంచమ', గాంధీ పెట్టిన 'హరిజన' మోసి, చివరికి తమ పేరు తామే పెట్టుకున్నవాళ్లకు అస్తిత్వం తయారవుతుందన్న సంగతి పుస్తకంలో చదివి తెలుసుకోవలసింది కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే మాటను తోసేసి 'ఆది ఆంధ్ర' అనే పేరు తీసుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకోక తప్పలేదు. జమైకాలో 1970లలో జరిగిందని హాల్ చెప్పిన పని కృష్ణ ఒడ్డున అంతకు యాభై ఏళ్ల ముందే మొదలైందన్నమాట.

పేచీ ఆ తరువాత మొదలవుతుంది. కరీబియన్ సంస్కృతిలో హాల్ మూడు ఉనికిలను గుర్తించారు: ఆఫ్రికా, ఐరోపా, అమెరికా. ఇండియన్లు, చైనీయులు, లెబనాన్‌వాళ్లు వగైరాల ఉనికిని ప్రస్తుతానికి ఇందులోనే కలిపేస్తున్నానంటూ వాళ్లను బ్రాకెట్లో పెట్టారు. వ్యాసం నిడివికి అది అవసరమై ఉండొచ్చు. కాని ఆ బ్రాకెట్లో ఎంతమంది ఉన్నారో చూద్దాం. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, ఒప్పందపు కూలీల పద్ధతి పెట్టారు. 1838 మే 5న హెస్పరస్, విట్బీ అనే ఓడలు మొదటి కూలీలను బ్రిటిష్ గయానాలో దించాయి. 1917 వరకు ఆ ఒక్క దేశానికే సుమారు 2,39,000 మందిని తరలించారు. ట్రినిడాడ్‌కు 1845 నుంచి సుమారు 1,44,000 మందిని, ఫ్రెంచివాళ్ల గ్వాడెలూప్‌కు సుమారు 42,000 మందిని, మార్టినిక్‌కు సుమారు 25,000 మందిని తీసుకుపోయారు. ఇంతమంది ఒక బ్రాకెట్లో పట్టారు!

హాల్ తరువాత ఒక ఇంటర్వ్యూలో తన ఇంటి సంగతి చెప్పారు. ఇంట్లో అందరికన్నా నల్లగా పుట్టినందుకు, ఈ 'కూలీ' పిల్లవాణ్ని ఎక్కణ్ణుంచి తెచ్చారని అక్క అడిగిందట. జమైకాలో కూలీ అంటే పేద ఇండియన్‌ను తిట్టే తిట్టు. మన భాషలో కూలి అంటే పనికిచ్చే డబ్బు. అక్కడ అది మనిషికి పేరైంది, ఆ పేరే తిట్టయింది. సిద్ధాంతంలో బ్రాకెట్లోకి పోయిన మనిషి హాల్ ఇంట్లో తిట్టు రూపంలో బతికే ఉన్నాడు. ఆయన వ్యాసాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపి చదవాలి.

ఆ బ్రాకెట్లో మళ్లీ ఇంకో బ్రాకెట్ ఉంది. కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురీ జనమే ఎక్కువ కాబట్టి గయానా, ట్రినిడాడ్‌లలో ఇండియన్ అంటే వాళ్లే అయ్యారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన అరవవాళ్లూ తెలుగువాళ్లూ అందరూ కలిసి 'మదరాసీ'లయ్యారు. ఫ్రెంచి దీవుల్లో 'మలబారు'లయ్యారు. రంగూన్‌లో మనవాళ్లకు కోరంగి రేవు పేరు మీద 'కోరంగీలు' అన్న పేరొచ్చింది. ఎక్కిన రేవు పేరో దిగినచోట పెట్టిన పేరో మిగిలింది గాని మాట్లాడే భాష పేరు మిగల్లేదు. ఇక ఆ తెలుగువాళ్లలో మాల ఎవరు, మాదిగ ఎవరు అనేది మూడో బ్రాకెట్.

సముద్రం దాటితే కులం పోతుందని ఒక వాదం ఉంది. ఓడలో కలిసి తిన్నారు, కలిసి పడుకున్నారు, 'జహాజీ భాయి'లయ్యారు, కులం కరిగిపోయింది అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే కరిగించింది సముద్రపు నీళ్లు కావు. తోటలో అందరికీ ఒకే బారకాసు, ఒకే రేషను, ఒకే కొరడా. భూమి దొరది. కులానికొక పనీ, పనికొక పేటా అక్కడ కుదరలేదు. ఉత్పత్తి సంబంధం మారినచోట కులం పట్టు సడలింది. వాళ్ల చేతికి కాస్త భూమి, చదువు, దుకాణం వచ్చాక పురోహితుడు మళ్లీ లేచాడు. 1952లో ట్రినిడాడ్‌లో సనాతన ధర్మ మహాసభ ఏర్పడింది. బ్రాహ్మణ పండితుల చేతిలోని హిందూమతమే 'అసలు ఇండియన్ సంస్కృతి' అయింది. మేకలను, కోళ్లను బలిచ్చే మదరాసీల కాళీమాయి కొలుపు అనాగరికమైంది. పోలేరమ్మ, గంగానమ్మల జాతరల్లో డప్పు కొట్టినవాణ్నే గుడి గడప తొక్కనీయని ఊళ్లవాళ్లం మనం. ఈ కథ మనకు కొత్త కాదు. వైవిధ్యం అన్నది నిచ్చెన కూడా కావచ్చని కరీబియనే చెబుతోంది.

సరే, దీనికీ బందరుకీ ఏం సంబంధం? సంబంధం గుడ్డలో ఉంది. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు 17వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే బందరులో కోఠీలు పెట్టాయి. కోరమండల్ తీరంలో నేసిన నూలు గుడ్డ ఐరోపా కంపెనీల ఓడల మీద పశ్చిమాఫ్రికా చేరింది. అక్కడ దానికి 'గినీ గుడ్డ' అని పేరు. ఆ గుడ్డ ఇచ్చి మనుషుల్ని కొన్నారు. కొన్న మనుషుల్ని కరీబియన్ చెరుకు తోటలకు తోలారు. ఈనాటికీ సెయింట్ లూసియా, డొమినికా, మార్టినిక్, గ్వాడెలూప్‌లలో ఆడవాళ్లు పండగలకు చుట్టుకునే గళ్ల గుడ్డను 'మద్రాస్' అంటారు. అది వాళ్ల జాతి గుర్తు. దాన్ని తమదిగా చేసుకోవడం ఆ నల్లజాతి స్త్రీల ఘనతే. మా ప్రశ్న నేసిన చేతుల గురించి. బందరు కలంకారీ మీద రాసేవాళ్లు రంగుల గురించి, గోల్కొండ నవాబుల రసికత గురించి రాస్తారు. తెలుగునాట ముతక నూలు నేత మాలల కులవృత్తుల్లో ఒకటని ఎందరు రాశారు? 19వ శతాబ్దంలో మిల్లు గుడ్డ వచ్చి మాల మగ్గాలు మూలపడ్డాయి. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా వరిచేలయింది. మగ్గం పోయినవాడు పాలేరయ్యాడు, కూలీ అయ్యాడు. గుడ్డకు చరిత్ర ఉంది, చేనుకు చరిత్ర ఉంది, నేసినవాడికీ నాటినదానికీ మాత్రం లేదు.

20వ శతాబ్దానికి వస్తే కరీబియన్ జనం మళ్లీ వలసపోయారు, ఈసారి లండన్‌కు, న్యూయార్క్‌కు. అక్కడ వాళ్ల పేర్లు మళ్లీ మారాయి. దీవిలో జమైకనో బార్బడోసువాడో అయిన మనిషి అమెరికాలో దిగగానే ఉట్టి 'నల్లవాడు' అయ్యాడు. న్యూయార్క్‌లోని ఈ వలస జనం మీద మేరీ వాటర్స్ 1999లో ఒక పుస్తకం ప్రచురించింది. మేము ఇక్కడి నల్లవాళ్లలాంటి వాళ్లం కాము, దీవులవాళ్లం అని చెప్పుకుని పైకి పోవాలని చూసినవాళ్లు అందులో కనిపిస్తారు. దానికి ఎదురుగా నడిచినవాళ్లూ ఉన్నారు. ట్రినిడాడ్‌లో పుట్టి పదకొండేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన స్టోక్లీ కార్మైకేల్ 1966లో 'బ్లాక్ పవర్' నినాదాన్ని దేశమంతా వినిపించాడు. ఆ ఏడాదే పుట్టిన బ్లాక్ పాంథర్ల పేరును 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తీసుకున్నారు. వలసపోయినవాడి ముందు ఎప్పుడూ రెండు దారులుంటాయి. పాత పేరు చూపించి కిందివాడికి దూరం జరగడం ఒకటి, కిందివాడి పేరునే తన పేరుగా తీసుకోవడం రెండోది.

ఈ కొలతతో మన డెల్టా వలసను చూద్దాం. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం మొదటి సమావేశం జరిగింది. అదే ఏడాది నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలమందికి పైగా చచ్చిపోయారు. ఆ తరువాత కట్టిన పక్కా ఇళ్ల కాలనీలకు దాతల పేర్లో నాయకుల పేర్లో పెట్టారు గాని బతికి బయటపడ్డవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేర్లు తక్కువ. ఈ రెండు సంఘటనలకు కార్యకారణ సంబంధం ఉందని మేము అనడం లేదు. ఒకే డెల్టాకు ఒకే ఏడాది రెండు ముఖాలున్నాయంటున్నాం. కాలువ కింద మాగాణి మిగులుతో చదువుకుని విమానం ఎక్కిన కులాలు ఒకవైపు, ఆ మాగాణిలో నాట్లు వేసి శివారు గుడిసెలో కొట్టుకుపోయిన కులాలు ఇంకొకవైపు. అమెరికాలో 'తెలుగు సంస్కృతి'గా వేదికెక్కేది మొదటి ముఖమే. బందరుకు దగ్గర్లోని కూచిపూడిలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల కళ ప్రపంచ తెలుగువాళ్లందరి కళ అయింది. అదే డెల్టాలో డప్పు మాత్రం ఇంకా 'మాదిగ డప్పే'. ఇది కళ గొప్పదనానికి సంబంధించిన తీర్పు కాదు, విమానం ఎవరెక్కారన్న లెక్క.

ఆ లెక్కను తిరగరాసిన పుస్తకం సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో వెలువరించిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ దీన్ని రాశారు. శివసాగర్‌గా మనకు తెలిసిన కె.జి. సత్యమూర్తి (1931-2012) ఆమె మేనమామ. గుడివాడ స్లాటర్‌పేటలో ఒక మాల క్రైస్తవ కుటుంబం ఎలా బతికిందో, కవి, విప్లవకారుడు ఎలా తయారయ్యాడో, పార్టీలో కులం మాట ఎత్తితే ఏమైందో అందులో ఉంది. మాకు అంతకన్నా బలంగా తోచింది తల్లి మంజులాబాయి కథ. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ ఆమె పడ్డ పాట్లు ఉద్యమ చరిత్రల్లో దొరకవు. ఇండియాలో ఉన్నంతకాలం ఇవి కథలుగా అనిపించలేదనీ, దేశం దాటి, కనపడేది రంగే గాని పుట్టుక కానిచోటికి వచ్చాకే కథలయ్యాయనీ ఆమె అంటారు. హాల్ చెప్పిన రెండో అస్తిత్వానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అయితే ఒక లోటు చెప్పాలి. పుస్తకం న్యూయార్క్ నుంచి వెనక్కి చూస్తుందే గాని న్యూయార్క్‌ను చూడదు. గుడివాడ దళితస్త్రీ ఆ నగరంలో ఏమవుతుంది? అదే నగరంలో క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో గయానా నుంచి వచ్చిన భారత సంతతి జనం వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో మదరాసీ కూలీల మునిమనవలున్నారు. ఇండియా నుంచి నేరుగా వెళ్లినవాళ్లు చాలామంది వాళ్లను ఇండియన్లుగానే లెక్కచేయరు. పుట్టుక కనపడనిచోట కూడా పుట్టుక వెతికేవాళ్లు పోయారని కాదు. 2020లో సిస్కో కంపెనీలో కుల వివక్ష మీద కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ దావా వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లును గవర్నరు అక్టోబరులో వీటో చేశాడు. కులం ప్రస్తావన తెస్తే హిందువుల్ని అవమానించడమేనని వాదించినవాళ్లు ఆ వైవిధ్యం పేరే చెప్పుకున్నారు! గిడ్ల పుస్తకం ఆగినచోట మొదలుకావలసిన పుస్తకం ఇంకోటుంది.

బ్రాకెట్లు బయటే లేవు. దళిత అనే మాటలో కూడా ఉన్నాయని 1994లో మాదిగ దండోరా గట్టిగా చెప్పింది. ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చేసరికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ మాట విన్నప్పుడు ఐక్యత దెబ్బతింటుందని కంగారుపడ్డవాళ్లు, హాల్ బ్రాకెట్‌ను తప్పుపట్టే ముందు తమ బ్రాకెట్ సంగతి తేల్చుకోవాలి.

అందువల్ల విద్యార్థులకూ అధ్యాపకులకూ మేము చెప్పేది ఇది. కరీబియన్ రచయితలను తప్పక చదవండి. హాల్‌తో పాటు వాల్టర్ రోడ్నీని కూడా చదవండి. 1980లో గయానాలో హత్యకు గురైన ఆ చరిత్రకారుడు నల్లకూలీనీ ఇండియన్ కూలీనీ ఒకే చరిత్రలో పెట్టి రాశాడు. చదివాక ఆ ప్రశ్నలు పట్టుకుని మాలపల్లెకూ మాదిగపల్లెకూ వెళ్లండి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ముసలమ్మలను అడగండి: మీ ఇంట్లో ఓడెక్కింది ఎవరు, రంగూన్ పోయింది ఎవరు, ఉప్పెన తరువాత ఊరు మారింది ఎవరు, మగ్గం ఏ తరంలో మూలపడింది? కులం పేరు, ఊరు పేరు, మనిషి పేరు మూడూ రాసుకోండి. ఆ ముసలమ్మలు ఎంతోకాలం ఉండరు. ఈ పని ఈ ఏడాదే మొదలుకావాలి.